తూర్పు రేవుల కథ – 11: కట్టేవాళ్లు సరే, కొనేదెవరు?

కిందటి భాగాన్ని 1933 అక్టోబరు 7 దగ్గర ఆపాం. ఆ రోజు విశాఖపట్నం కొత్త రేవులోకి మొట్టమొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టించిన రేవు అది. జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర కావాలనే ముంచి, వాటినే అలలకు అడ్డుకట్ట చేసుకున్న సంగతి, డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేసిన సంగతి చెప్పుకున్నాం. జలదుర్గ ఎవరిదో మాత్రం చెప్పుకోలేదు. ఈ భాగమంతా ఆ ఓడ యజమానుల గురించే.

అది బొంబాయికి చెందిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ. తెల్లవాళ్ల రైలు కంపెనీ కట్టిన రేవులో తొలి అడుగు ఒక స్వదేశీ కంపెనీ ఓడది కావడం ఆ రోజుకి కాకతాళీయమే కావచ్చు. ఎనిమిదేళ్లు తిరక్కుండా అదే కంపెనీ అదే రేవు ఒడ్డుకొచ్చి ఓడలు కట్టే యార్డుకు శంకుస్థాపన చేసింది. ఈనాటి హిందుస్థాన్ షిప్‌యార్డ్ పుట్టుక అదే. ఎనిమిది దశాబ్దాల పైచిలుకు కాలంలో ఆ యార్డు యజమాని మారాడు, పేరు మారింది, పాలించే మంత్రిత్వ శాఖ మారింది, పెద్ద కుర్చీలో కూర్చునేవాళ్లు మారారు. వ్యాపారి పోయి అధికారి వచ్చాడు, అధికారి పోయి నౌకాదళం మనిషి వచ్చాడు. ఆ మార్పుల్లో ప్రతి ఒక్కదాని వెనకా ఒకే ప్రశ్న కనిపిస్తుంది: కట్టిన ఓడను కొనేదెవరు? యార్డు చరిత్రను అధ్యక్షుల జాబితాగా చదివితే ఏమీ బోధపడదు. కొనుగోలుదారుల జాబితాగా చదివితే అంతా బోధపడుతుంది.

సింధియా పుట్టిన తీరు క్లుప్తంగా చెప్పి ముందుకెళ్దాం. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామల్‌దాస్ కలిసి ఆ కంపెనీ పెట్టారు. గ్వాలియర్ మహారాజు సింధియా దగ్గరున్న లాయల్టీ అనే ఓడను కొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రుల కోసం ఆస్పత్రి ఓడగా పనిచేసిన పాత స్టీమరు అది. 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి ఇంగ్లండుకు బయల్దేరింది. ఏటా ఏప్రిల్ 5న మనం జరుపుకునే జాతీయ నౌకాయాన దినోత్సవం ఆ ప్రయాణానికి గుర్తుగానే. పాత ఓడ కావడంతో లాయల్టీ ఎక్కువ కాలం నడవలేదు. కానీ కంపెనీ నిలబడింది.

నిలబడటం అంటే మాటలు కాదు. మన తీరమంతా అప్పట్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండేది. మనవాళ్ల నోట అది బీఐ కంపెనీ. విశాఖ, కాకినాడ, భీమునిపట్నం నుంచి రంగూన్‌కు కూలికి పోయిన లక్షల మంది తెలుగువాళ్లు ఎక్కువగా ఎక్కింది బీఐ ఓడలే. దాని అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్. కొత్తగా ఏ దేశీయ కంపెనీ దిగినా కిరాయిలు అడ్డంగా తగ్గించి, నష్టానికైనా సరుకు మోసి, కొత్తవాడు దివాలా తీశాక మళ్లీ రేట్లు పెంచడం ఆ కంపెనీ పద్ధతి. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై స్వదేశీ ఓడల కంపెనీ ఎలా చితికిపోయిందో మూడో భాగంలో చూశాం. సింధియా చితికిపోలేదు గానీ 1923లో తలవంచి ఒక ఒప్పందం మీద సంతకం పెట్టింది. పదేళ్లపాటు ఇన్ని టన్నులకు మించి ఓడలు ఉంచుకోకూడదు, ఫలానా దారుల్లోకి రాకూడదు అన్నవి అందులోని షరతులు. 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో తీర వ్యాపారాన్ని భారతీయ ఓడలకే కేటాయించాలని బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. 1929లో నరోత్తమ్ మొరార్జీ మరణించడంతో సింధియా అధ్యక్ష పదవి వాల్‌చంద్ చేతికొచ్చింది. ఆ పదవిలో ఆయన 1950 దాకా ఉన్నారు.

వాల్‌చంద్ 1882లో షోలాపూర్‌లో పుట్టిన గుజరాతీ జైనుడు. రైల్వే కాంట్రాక్టర్‌గా పైకొచ్చిన మనిషి. కొండ తొలిచి సొరంగం వేయడంలో పేరు తెచ్చుకున్నారు. సొంతంగా చూడనిదే దేన్నీ నమ్మని స్వభావం, ఒకసారి నమ్మితే లెక్కలు కుదరకపోయినా వదలని మొండితనం ఆయనవి. ఓడలు నడపడమొక్కటే చాలదు, కట్టుకోవాలి అన్న పట్టుదలకు కారణం ఆయన చూసిన యుద్ధమే. యుద్ధమొస్తే ప్రభుత్వం ఓడల్ని లాగేసుకుంటుంది. వాటిలో కొన్ని మునుగుతాయి. మునిగిన వాటి స్థానంలో కొత్తవి కొందామంటే బ్రిటన్‌లోని యార్డులు తమ పనితోనే సతమతమవుతుంటాయి. అంటే ఓడలు నడిపే భారతీయ కంపెనీ ప్రాణం ఎప్పటికీ గ్లాస్గోలోనో న్యూకాజిల్‌లోనో ఉంటుంది. 1939లో రెండో యుద్ధం మొదలయ్యాక ఆయన ఒకటి కాదు, మూడు పరిశ్రమలు తలకెత్తుకున్నారు: విమానాలు, కార్లు, ఓడలు. 1940 డిసెంబరు 23న బెంగుళూరులో మైసూరు సంస్థానం భాగస్వామ్యంతో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ నమోదైంది. రెండేళ్లు కాకముందే ప్రభుత్వం ఆయన వాటాలు కొనేసి తన చేతిలోకి తీసుకుంది. ఈనాటి హెచ్ఏఎల్ అదే. వాల్‌చంద్ మొలకెత్తించినది ప్రభుత్వం పెరట్లోకి మారడం అదే మొదలు. విశాఖలో పదేళ్ల తర్వాత జరగబోయేదానికి అది ముందస్తు సూచన అని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

యార్డు కోసం ఆయన మొదట చూసింది విశాఖను కాదు, కలకత్తాను. హుగ్లీ ఒడ్డున ఇంజినీరింగ్ వర్క్‌షాపులున్నాయి, చేయి తిరిగిన ఫిట్టర్లున్నారు, ఉక్కు జంషెడ్‌పూర్ నుంచి ఒక రాత్రి ప్రయాణం. కానీ అక్కడి పోర్టు అధికారులు పెట్టిన షరతులు మింగుడుపడేవి కావు. అప్పుడు విశాఖ తెరమీదికి వచ్చింది. ఇక్కడ పరిశ్రమల వాతావరణం లేదు, ఫౌండ్రీలు లేవు. మరి ఉన్నవేమిటంటే, సముద్రం ఉగ్రరూపం దాల్చినా లోపలి నీళ్లు నిలకడగా ఉండేలా కొండ అడ్డం నిలిచిన రేవు. తీరం చుట్టూ విస్తరించిన ఖాళీ మెరక, బురద నేలలు. జంషెడ్‌పూర్ ఉక్కును తెచ్చే రైలు మార్గం, అదీ రేవు కట్టిన రైల్వేదే. ఓడల యార్డుకు మొదట కావాల్సింది నేల, నిలకడైన నీరు. పనివాళ్లను తయారు చేసుకోవచ్చు, కొండను తయారు చేసుకోలేం. నా మట్టుకు కలకత్తా కాదనడం విశాఖకు జరిగిన మేళ్లలో పెద్దది.

1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. కాంగ్రెస్ నాయకులెందరో వ్యక్తి సత్యాగ్రహంలో జైళ్లకు వెళ్లిన కాలం అది. అలాంటి సమయంలో గవర్నరునో వైస్రాయినో కాక ఒక కాంగ్రెస్ నాయకుణ్ని పిలిచి పునాదిరాయి వేయించడం ఒక పెద్ద వ్యాపార సంస్థ చేసిన ధైర్యమైన ప్రకటన. ఆ ప్రాంతానికి గాంధీగ్రామ్ అని పేరొచ్చింది. నేటికీ హిందుస్థాన్ షిప్‌యార్డ్ చిరునామాలో ఉన్న పేరు అదే.

ప్రభుత్వం నుంచి సాయమేమీ అందలేదు. యుద్ధానికి ఓడలు కావాలి, కానీ ఆ ఓడల్ని భారతదేశంలో కట్టించాలన్న ఉత్సాహం ఢిల్లీకి లేదు. మరమ్మతులు చేస్తే చాలన్న ధోరణి. యంత్రాలు దిగుమతి చేసుకోవాలన్నా, ఉక్కు కేటాయింపు కావాలన్నా ప్రభుత్వం చేయి ఆడించాలి. అదే కాలంలో ఆస్ట్రేలియా, కెనడాల్లో ఓడల నిర్మాణానికి ఊపొచ్చింది. ఆ తేడా వాల్‌చంద్‌ను బాధించింది, ఆ మాట ఆయన బహిరంగంగానే అన్నారు. ఇంతలో 1942 ఏప్రిల్ 6 వచ్చింది. జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, అదే రోజున కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. పునాది పడి ఏడాది కూడా కాని యార్డు పనికి గట్టి దెబ్బ తగిలింది.

యుద్ధం ముగిశాకే అసలు నిర్మాణం సాగింది. ఆ రోజుల్లో ఓడ కట్టే విధానం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఓడల ఖర్చు ఎందుకు పెరిగిందో, దాని మూలాన యార్డు చేతులెందుకు మారిందో అర్థమయ్యేది అప్పుడే.

ముందు విశాలమైన చెక్క నేల మీద ఓడ గీతల్ని నిలువెత్తు కొలతల్లో గీస్తారు. ఆ గీతల మీంచి చెక్కతో అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల ప్రకారం ఉక్కు ప్లేట్లను కోసి, కాల్చి వంచుతారు. నీటివైపు ఏటవాలుగా కట్టిన స్లిప్‌వే మీద ముందు వెన్నెముక లాంటి కీల్ పరుస్తారు, దానికి పక్కటెముకల్లా ఫ్రేములు నిలబెడతారు, పైన ప్లేట్లు తొడుగుతారు. ఒంటి భాగం పూర్తయ్యాక ఓడ బరువంతా కొవ్వు పూసిన చెక్క దారుల మీదికి మార్చి, ఆపిన కట్లు వదిలేస్తే అది వెనక భాగం ముందుగా నీళ్లలోకి జారిపోతుంది. అదే జలప్రవేశం. అప్పటికి ఓడ సగమే పూర్తయినట్టు. తర్వాత ఒడ్డున కట్టేసి ఇంజిన్, బాయిలర్లు, క్రేన్లు, గదులు, తీగలు అమర్చాలి. ఇందులో ప్రతి దశకూ ఆరితేరిన చేతులు కావాలి. బ్రిటన్‌లో ఆ చేతులు తరతరాలుగా ఉన్నాయి. విశాఖలో మొదటి తరం అప్పుడే పనిలోకి దిగింది. ప్లేటు వంచడం మొదటిసారి నేర్చుకుంటున్నవాడికి రెండు రోజులు పట్టేది నేర్చినవాడికి సగం పూటలో అయిపోతుంది. ఇంజిన్ల లాంటి ముఖ్య యంత్రాలు విదేశాల నుంచి రావాలి. అవి ఆలస్యమైతే స్లిప్‌వే మీది ఓడ కదలదు, దాని వెనకదానికి చోటు దొరకదు. జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాలి.

1948 మార్చి 14. గాంధీజీ హత్య జరిగి నెలన్నర. ప్రధాని నెహ్రూ విశాఖ వచ్చి జలఉషకు జలప్రవేశం చేయించారు. 8,000 టన్నుల సరుకు మోసే స్టీమరు. ఆధునిక పద్ధతిలో ఉక్కుతో భారతీయులు పూర్తిగా తమ సొంత యార్డులో కట్టిన మొదటి పెద్ద సముద్రపు ఓడగా జలఉష చరిత్రలో నిలిచింది. బొంబాయిలో వాడియాలు, మన కోరంగి, తాళ్లరేవుల్లో వడ్రంగులు చెక్క ఓడలు కట్టిన రోజులు పోయి చాలా కాలమైంది. ఆ మధ్యలో తెగిపోయిన దారాన్ని ఉక్కుతో మళ్లీ ముడివేసిన ఘట్టం విశాఖలో జరిగిందన్నది తెలుగువాళ్లం ఇంకాస్త గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. స్వతంత్రం వచ్చిన ఏడు నెలలకే జరిగింది కాబట్టి దాన్ని ప్రభుత్వ విజయంగా చెప్పుకోవడం అలవాటైంది. కానీ ఆ ఓడ ఆలోచన, పెట్టుబడి, రిస్కు అన్నీ ఒక ప్రైవేటు కంపెనీవి. స్వతంత్రానికి ఏళ్ల ముందే మొదలైనవి.

ఇక్కడే కథ మలుపు తిరిగింది.

జలఉషను కట్టింది సింధియా, కొన్నదీ సింధియానే. యార్డు పెట్టిందే తన ఓడల కోసం. కట్టేవాడు, కొనేవాడు ఒకడే అయితే బేరం సులువనిపిస్తుంది. నిజానికి అది కంపెనీని లోపల్నుంచి తినేసింది. ఎందుకంటే అదే మోతాదు ఓడ బ్రిటన్‌లో కొంటే పడే ధరకన్నా విశాఖలో కట్టడానికి చాలా ఎక్కువైంది. ఓడలు నడిపే సింధియా సముద్రం మీద విదేశీ కంపెనీలతో కిరాయిల్లో పోటీపడాలి. ఖరీదైన ఓడ కొని చవక కిరాయికి సరుకు మోయడం కుదరదు. అలాగని ఓడలు కట్టే సింధియా తక్కువ ధరకు అమ్మితే యార్డు మునుగుతుంది. ఒకే కంపెనీ రెండు జేబుల మధ్య నష్టం ఎటు మార్చినా పోదు. బయటి కంపెనీలు ఆర్డరిస్తాయా అంటే, వాళ్లకి బ్రిటన్ ధర కళ్లముందే ఉంది.

వాల్‌చంద్ ప్రభుత్వాన్ని అడిగింది ఇదే: బ్రిటన్ ధరకూ విశాఖ ఖర్చుకూ మధ్య తేడాను కొన్నేళ్లపాటు దేశం భరించాలి. నేర్చుకునే కాలానికి అయ్యే ఖర్చు అది. ఏ దేశం ఓడల పరిశ్రమా అలాంటి ఆసరా లేకుండా నిలబడలేదు. ప్రభుత్వం కాదనలేదు, కానీ పూర్తిగా ఔననడానికీ సమయం తీసుకుంది. 1949 నాటికి యార్డు ఖాళీ పడుతుందన్న భయం వచ్చింది. స్లిప్‌వేలు ఖాళీ అయితే నేర్చుకున్న పనివాళ్లు చెదిరిపోతారు. ఒకసారి చెదిరినవాళ్లను మళ్లీ కూర్చుకోవడం కొత్తవాళ్లకు నేర్పడం కన్నా కష్టం. ప్రభుత్వం కొన్ని ఓడలకు తనే ఆర్డరిచ్చి యార్డును ఆ గండం దాటించింది. యార్డుకు ఊపిరి అందింది గానీ బంధం తారుమారైంది. ఆర్డరిచ్చేది, తేడా భరించేది ప్రభుత్వమే అయినప్పుడు యార్డు సింధియాదే ఎందుకుండాలన్న ప్రశ్న సహజంగానే పుట్టింది.

అదే ఏడాది వాల్‌చంద్‌కు పక్షవాతం వచ్చింది. 1950లో సింధియా అధ్యక్ష పదవి వదిలారు. ఆ పదవి నరోత్తమ్ కుమారుడు శాంతికుమార్ మొరార్జీకి దక్కింది. 1952 జనవరి 21న హిందుస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్ అనే కొత్త కంపెనీ నమోదైంది. అందులో మూడింట రెండు వంతులు భారత ప్రభుత్వానివి, ఒక వంతు సింధియాది. మార్చి 1 నుంచి విశాఖ యార్డు ఆ కంపెనీ చేతికొచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 8న వాల్‌చంద్ మరణించారు. బెంగుళూరులో విమానాల ఫ్యాక్టరీ, విశాఖలో ఓడల యార్డు రెండూ ఆయన కళ్లముందే ప్రభుత్వ సంస్థలయ్యాయి. దీన్ని ఆయన ఓటమిగా చూసేవాళ్లున్నారు. నేనలా చూడను. వ్యాపారిగా ఆయన లెక్క తప్పిందన్నది నిజమే. కానీ ఎవరూ ముందుకు రాని పనికి తన సొమ్ము పెట్టి, ఈ దేశంలో ఓడ కట్టడం సాధ్యమే అని నిరూపించాకే ప్రభుత్వం చేయి చాపింది. నిరూపించకముందు చాపలేదు.

కొత్త యాజమాన్యం వచ్చాక ఫ్రాన్స్‌లోని లువార్ నది ఒడ్డున ఓడలు కట్టే ఆతెలియే ఏ షాంతియే ద లా లువార్ కంపెనీని సాంకేతిక సలహాదారుగా పెట్టుకున్నారు. స్టీమర్ల నుంచి డీజిల్ ఓడలకు మళ్లారు. సింధియా కోసం జల అన్న మాటతో మొదలయ్యే పేర్ల ఓడలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ధర విషయంలో వాల్‌చంద్ అడిగిన సూత్రమే చివరికి విధానమైంది: కొనేవాడు బ్రిటన్ ధర కడతాడు, మిగిలిన తేడా ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తుంది. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక వైపు ఊళ్లు యార్డు సైరన్‌తో లేచి పడుకోవడం అలవాటు చేసుకున్నాయి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు, ప్లేటర్లు రెండో తరానికి చేరుకున్నారు. యార్డు ముందున్న కూడలికి సింధియా అన్న పేరు అలాగే స్థిరపడిపోయింది.

1961లో మిగిలిన మూడో వంతు వాటా కూడా ప్రభుత్వం కొనేసింది. సింధియాకు యార్డుతో సంబంధం తెగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 2న తూర్పు, పడమర తీరాల రెండు ప్రభుత్వ ఓడల కంపెనీలను కలిపి షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పాటు చేశారు. ఇక కట్టేదీ ప్రభుత్వమే, కొనేదీ ప్రభుత్వమే. సింధియా కాలంలో ఒకే కంపెనీ రెండు జేబుల్లో ఉన్న చిక్కు ఇప్పుడు ఒకే ప్రభుత్వం రెండు జేబుల్లోకి వచ్చింది. షిప్పింగ్ కార్పొరేషన్ లాభనష్టాలు చూసుకోవాలి కాబట్టి జపాన్‌లోనో ఐరోపాలోనో త్వరగా, చవగ్గా దొరికే ఓడవైపు చూసింది. యార్డు ఆర్డర్ కోసం ఎదురుచూసింది. ఆర్డరొచ్చాక ధర తేలడానికి ఏళ్లు, ఉక్కు, యంత్రాలు రావడానికి ఏళ్లు. ఆలస్యమైతే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే తర్వాతి ఆర్డర్ దూరమవుతుంది. ఆ సుడి నుంచి యార్డు దశాబ్దాలపాటు బయటపడలేదు.

ఇదే కాలంలో ఇంకో దారి ఉండింది. 1960లో కేంద్రం బొంబాయిలోని మజగావ్ డాక్‌ను, కలకత్తాలోని గార్డెన్ రీచ్‌ను కొని రక్షణ శాఖ కింద పెట్టింది. 1972లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నీలగిరి మజగావ్‌లోనే తయారైంది. మన దేశంలో కట్టిన మొదటి పెద్ద యుద్ధనౌక అది. ఆ మజగావ్ డాక్ అంతకుముందు ఎవరిదో తెలుసా? పీ అండ్ ఓ కంపెనీది, బీఐ కంపెనీది. అంటే ఏ బీఐని ఎదిరించి సింధియా పుట్టిందో, ఆ బీఐ వాళ్ల మరమ్మతు డాక్ స్వతంత్ర భారత నౌకాదళానికి ప్రధాన కర్మాగారమైంది. బీఐని ఎదిరించినవాళ్లు కట్టిన యార్డు మాత్రం వాణిజ్య ఓడల ఆర్డర్ల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగింది. తూర్పు నౌకాదళం ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. యార్డు గోడ పక్కనే యుద్ధనౌకలు లంగరు వేస్తాయి. అయినా విశాఖ యార్డు రవాణా శాఖ కిందే ఉండిపోయింది. ఇది అన్యాయమని అనుకోవడానికి నాకు సంకోచం లేదు. నౌకాదళానికి పనికిరాని యార్డేమీ కాదది. సముద్రగర్భాన్ని కొలిచే ఐఎన్ఎస్ దర్శక్ ఇక్కడ కట్టి ఇచ్చిందే, 1964లో దళంలో చేరింది. జలాంతర్గాముల మరమ్మతులు కూడా ఇక్కడ జరిగాయి.

డెబ్భైల తర్వాతి మూడు దశాబ్దాల మీద ఎక్కువసేపు ఆగను. కొచ్చిలో ఇంకా పెద్ద ఓడలు కట్టగల యార్డు వచ్చింది, 1981లో రాణీ పద్మిని అనే ఓడను అప్పగించింది. విశాఖ పెద్ద సరుకు ఓడలు, చమురు తవ్వకాలకు పనికొచ్చే నౌకలు, టగ్గులు, అండమాన్ ప్రయాణాల ఓడలు కట్టింది. లెక్క మీద చూస్తే 200కు పైగా నౌకలు. ఒక్క విషయం మాత్రం ప్రస్తావించాలి. విశాఖ ఉక్కు కర్మాగారం యార్డుకు కూతవేటు దూరంలో వచ్చింది. కానీ అది తీసేది కడ్డీలు, తీగలు, నిర్మాణాలకు వాడే సెక్షన్లు. ఓడకు కావాల్సిన వెడల్పాటి ప్లేట్లు అక్కడ తయారు కావు. పక్కనే ఉక్కు నగరం ఉన్నా ఓడ ప్లేట్లు భిలాయ్, రూర్కెలా లాంటి చోట్ల నుంచే రావాలి. ఒకే ఊళ్లో రెండు పెద్ద కేంద్ర ప్రభుత్వ పరిశ్రమలు ఇలా ఒకదానికొకటి అక్కరకు రాకపోవడం ప్రణాళిక వేసినవాళ్లు జవాబు చెప్పాల్సిన విషయం.

ఆర్డర్లు తగ్గి, అప్పులు పెరిగి, యార్డు నికర విలువ తుడిచిపెట్టుకుపోయాక 2010 ఫిబ్రవరి 22న కేంద్రం దాన్ని రక్షణ శాఖకు బదిలీ చేసింది. యాభై ఏళ్ల ఆలస్యంతో మజగావ్ దారికి వచ్చింది. అప్పటికి ఐఎన్ఎస్ సింధుకీర్తి అనే జలాంతర్గామి 2006 నుంచి ఇక్కడ మరమ్మతులో ఉంది. అది పూర్తయ్యేసరికి 2015 వచ్చింది. తొమ్మిదేళ్లు. ఆ ఆలస్యం యార్డు పేరును బాగా దెబ్బతీసింది. కానీ కొత్త పనిని చేస్తూ నేర్చుకోవడానికి పట్టే కాలం కూడా అందులో కలిసి ఉందని మరిచిపోకూడదు. జలఉష కాలంలో ప్లేటు వంచడం నేర్చుకున్నట్టే, ఇక్కడ జలాంతర్గామి కడుపులోకి దూరి నేర్చుకున్నారు.

రక్షణ శాఖ కిందికి వచ్చాక పెద్ద కుర్చీలో నౌకాదళం నుంచి వచ్చినవాళ్లు కూర్చున్నారు. రియర్ అడ్మిరల్ ఎల్.వి. శరత్ బాబు, ఆయన తర్వాత కమొడోర్ హేమంత్ ఖత్రి ఆ కోవవాళ్లు. నిర్వహణ మెరుగుపడింది, లాభాలు కనిపించాయి. ఆ ఘనత వాళ్లకు ఇవ్వాల్సిందే. అయితే దానికి పునాది మాత్రం కొనేవాడు మారడమే. ఓడ కోసం యార్డును వెతుక్కుంటూ నౌకాదళం వచ్చింది. క్షిపణుల గమనాన్ని పసిగట్టే ఐఎన్ఎస్ ధ్రువ్ ఇక్కడ కట్టి 2020లో అప్పగించారు, 2021 సెప్టెంబరులో దళంలో చేరింది. అలాంటి నౌకలున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ విజయాల మధ్యే 2020 ఆగస్టు 1న యార్డులో భారీ క్రేన్ కూలి 11 మంది కార్మికులు చనిపోయారు. యార్డు చరిత్రలో ఆ తేదీని పెద్ద ఓడల జలప్రవేశాల పక్కనే రాయాలి. ఓడల పేర్లు రాసి మనుషుల్ని వదిలేసే చరిత్ర పూర్తి చరిత్ర కాదు.

2025 జులై 18న ఐఎన్ఎస్ నిస్తార్ నౌకాదళంలో చేరింది. సముద్రం అడుగున చిక్కుకుపోయిన జలాంతర్గాముల్లోని వాళ్లను కాపాడే డైవింగ్ నౌక అది, ఇదీ ఈ యార్డు కట్టిందే. 1971లో దళంలో చేరిన పాత నిస్తార్‌ను సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్నాం. ఆ ఏడాది డిసెంబరులో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఈ విశాఖ తీరానికి ఎదురుగానే మునిగింది. నిస్తార్ పేరు మోసే నౌకను ఇప్పుడు ఇక్కడే కట్టుకోవడం దాకా వచ్చాం.

ఇక అన్నిటికన్నా పెద్ద ఆర్డర్ 2023 ఆగస్టులో వచ్చింది. యుద్ధనౌకలకు నడిసముద్రంలోనే ఇంధనం, నీరు, ఆహారం, మందుగుండు అందించే నౌకలు ఐదు కట్టాలి. ఒప్పందం విలువ సుమారు 19,000 కోట్ల రూపాయలు. ఒక్కో నౌక బరువు 44,000 టన్నులు. మొదటి నౌకకు ఉక్కు కోసే పని 2024 ఏప్రిల్‌లో మొదలైంది. వరుసగా ఐదు ఒకే రకం నౌకలంటే రెండో నౌకకు మొదటిదాని అనుభవం, మూడోదానికి మొదటి రెండింటి అనుభవం అక్కరకొస్తాయి. ఒక్కొక్క ఓడకు ఒక్కొక్క డిజైన్‌తో, ఆర్డర్‌కూ ఆర్డర్‌కూ మధ్య ఖాళీ స్లిప్‌వేలతో నెట్టుకొచ్చిన యార్డుకు ఇది కొత్త. 1949లో యార్డుకు కొరవడింది కూడా సరిగ్గా ఇలాంటి వరుస పనే.

(వచ్చే భాగం: 1957లో మల్కాపురం వచ్చిన కాల్‌టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం)